చప్పట్లు కొట్టనివారు వెనక బ్లాకుకి

దెందులూరు దగ్గర హైవే పక్కన, ఒకవైపు వరిచేలు, మరోవైపు చేపల చెరువులు ఉన్నచోట నేను పనిచేసే వృద్ధుల నివాసం ఉంది. దాన్ని వృద్ధాశ్రమం అనకూడదని ఉద్యోగంలో చేరిన రోజే చెబుతారు. సీనియర్ లివింగ్ అనాలి. అందులో నా ఉద్యోగం పేరు యాక్టివిటీస్ కోఆర్డినేటర్. అంటే ఏమిటని ఏలూరులో మా వీధివాళ్ళు అడిగితే నేను రోజుకో రకంగా చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. "పెద్దవాళ్ళని ఊరికే కూర్చోనివ్వని ఉద్యోగమండీ" అంది పక్కింటావిడతో.

అంతకుముందు నేను తాడేపల్లిగూడెం ఫంక్షన్ హాళ్ళలో మైకు పట్టుకునేవాణ్ణి. ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, పదవీ విరమణ సన్మానాలు. ధ్యాసంతా భోజనాల వైపు ఉన్న జనం చేత చప్పట్లు కొట్టించడం నా విద్య. ఆ చప్పట్లు నా కోసమేనని చాలా కాలం నమ్మాను. తరవాత గంతులేస్తూ మాట్లాడే కుర్రాళ్ళు వచ్చారు. నా పొట్టతో నేను గంతులేస్తే చూడ్డానికి బాగుండదని పెళ్ళివారే మర్యాదగా చెప్పారు. అలా ఖాళీగా ఉన్నప్పుడు ఈ ఉద్యోగం దొరికింది. పెద్దవాళ్ళంటే ప్రేమ ఉండాలి అని ప్రకటనలో వేశారు. నాకు మైకంటే ప్రేమ ఉంది. రెండూ ఒకటేననుకున్నాను.

రోజూ పదింటికి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేయించేవాణ్ణి. ముందు నవ్వుల క్లబ్బు. హా హా అంటే హా హా అనాలి, హో హో అంటే హో హో అనాలి. నవ్వితే పళ్ళ సెట్టు ఊడుతోందని ఒక పెద్దాయన దాన్ని తీసి జేబులో వేసుకుని మరీ నవ్వేవారు. తరవాత బెలూను ఆట. ఆ తరవాత చిన్ననాటి ఆటలు. ఒకరోజు నేల మీద సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీశాను. మోకాళ్ళకి ఆపరేషన్ అయినవాళ్ళని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని గడిలో నిలబెట్టాను. ఎగరక్కర్లేదండీ, నిలబడితే చాలు, ఫోటోకి ఎగిరినట్టే ఉంటుంది అన్నాను. మధ్యాహ్నం భోజనాల లోపల ఆ ఫోటోలన్నీ కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పడాలి. ఎవరి తల్లి ఫోటో లేకపోయినా ఆ సాయంత్రమే ఫోన్ వచ్చేది. ఉన్నవాళ్ళ దగ్గర నుంచి చేతులు జోడించిన బొమ్మలు వచ్చేవి. రోజుకెన్ని దణ్ణాలు వచ్చాయో చూసుకుంటే నాకు కడుపు నిండిపోయేది.

మా వైపు ఒక అలవాటు ఉంది. ఎవరి పనీ బాగాలేదని మొహం మీద చెప్పరు. ఇష్టం లేకపోయినా అలాగేనండి అంటారు, విసుగొచ్చినా బాగుందండి అంటారు. ఇది తెలియక కాదు. నేనూ ఈ ఊళ్ళవాణ్ణే, నేనూ అలాగే అంటాను. కానీ నా ప్రోగ్రాం దగ్గరికి వచ్చేసరికి ఆ మర్యాద నిజమనిపించేది. ఎండాకాలంలో బస్సు అద్దె తక్కువని ఒకసారి అందరినీ కొల్లేరు పక్షులు చూపిస్తానని తీసుకెళ్ళాను. పక్షులు శీతాకాలంలో వస్తాయి. మేం వెళ్ళేసరికి ఎండిన బురద, చేపల చెరువుల గట్లు, దాణా బస్తాలు ఉన్నాయి. అయినా వదల్లేదు. ఆకాశం వైపు చెయ్యి ఊపమని వీడియో తీశాను. అందరూ ఊపారు. తిరిగి వస్తున్నప్పుడు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన నా పక్క సీట్లో కూర్చున్నారు.

"పక్షులు లేకపోయినా గాలి బాగుందండి" అన్నారు.

"అవునండి" అన్నాను సంతోషంగా.

"గాలికైతే మా వరండాలోనే కూర్చోవచ్చుననుకోండి" అని కిటికీ వైపు తిరిగారు. ఆయన అందులో ఏమైనా అన్నారేమోనన్న అనుమానం కూడా నాకు రాలేదు.

ఇక నేను చేసిన తప్పు. మా నివాసంలో రెండు భవనాలున్నాయి. ముందున్నది తమ పనులు తాము చేసుకునేవాళ్ళది. ఇద్దరికో గది, వరండా, వరండాలోంచి హైవే మీద బస్సులు కనిపిస్తాయి. వెనక బ్లాకు మంచం దిగలేనివాళ్ళది. శుభ్రంగానే ఉంటుంది. ఆయాలు రాత్రీపగలూ ఉంటారు. కానీ మంచాలకి కటకటాలు ఉంటాయి, తలుపు బయటి నుంచి గడియ వేసి ఉంటుంది. లోపల ఒకరితో ఒకరు మాట్లాడుకునే వాళ్ళు తక్కువ. ఫీజు మాత్రం అక్కడే ఎక్కువ.

ముందు భవనం నుంచి వెనక్కి ఎవరిని ఎప్పుడు మార్చాలన్నది మా మేనేజరు మేడమ్‌కి తలనొప్పిగా ఉండేది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఏలూరులో ఒక ఆసుపత్రిలో పనిచేసి వచ్చారు, తెల్లవారకముందే లేచి పాల లెక్క దగ్గర నుంచి చూసుకుంటారు. మార్చాలంటే కుటుంబాలకి ఏదో ఒక కారణం చూపించాలి. డాక్టరు నెలకోసారి వస్తాడు. శనివారం మీటింగులో ఆవిడ ఈ బాధ చెప్పుకుంటుంటే నాకు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. యాక్టివిటీలో ఎవరు ఎలా రెస్పాండ్ అవుతున్నారో రోజూ చూసేది నేనే కదండీ, చప్పట్లు కొట్టనివాళ్ళు, బెలూను అందుకోనివాళ్ళు ఎవరో చెబితే సరిపోతుంది కదా అన్నాను. మేడమ్ మొహం విప్పారింది. ఎంత తేలికండీ అన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ బస్సులో నిలబడే ప్రయాణం చేశాను, కాళ్ళు నొప్పి తెలియలేదు. ఆటల మాస్టారులాంటి నా మాట మీద మనుషుల గదులు మారతాయన్నది నాకు గర్వంగానే అనిపించింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ గర్వం గుర్తొచ్చి ముందు ఒళ్ళు పొంగుతుంది, ఆ తరవాతే సిగ్గేస్తుంది. ఈ వరస ఇంకా మారలేదు.

ఆ తరవాత హాల్లో ఉత్సాహం ఒక్కసారిగా పెరిగింది. చప్పట్లు మోగిపోయేవి. బెలూను గాల్లో ఉండగానే నలుగురు చేతులు చాచేవారు. హా హా అనకముందే హా హా అనేవారు. నా ప్రోగ్రాం ఇన్నాళ్ళకి పట్టాలెక్కిందని మా ఆవిడతో చెప్పాను.

ఒక్కరు మాత్రం లొంగలేదు. ఆవిడని మేమంతా గూడెం మామ్మగారు అనేవాళ్ళం. తాడేపల్లిగూడెంలో వాళ్ళది ఉల్లిపాయల టోకు వ్యాపారం. భర్త పోయాక చాలా ఏళ్ళు కొట్లో తనే కూర్చుని బేరాలు చేశారట. మరిదిగారి పిల్లలు వ్యాపారం చూసుకునే రోజులు వచ్చాక ఇక్కడ చేరారు. పదింటికి కుర్చీలో కూర్చోగానే మామ్మగారి తల పక్కకి వాలిపోయేది. బెలూను వచ్చి భుజానికి తగిలి కిందపడేది. మైకు దగ్గరికి తీసుకెళ్ళి "మామ్మగారూ, ఒక్కసారి గట్టిగా" అంటే కళ్ళు తెరిచి, "కొట్టండి, నేను వింటానండి" అని మళ్ళీ మూసుకునేవారు. అందరూ నవ్వేవారు. నాకు మాత్రం, నిండు హాల్లో ఒక్క మనిషి లేచి వెళ్ళిపోయినట్టుండేది.

ఆవిడ పక్క కుర్చీ టీచరుగారిది. భీమడోలు స్కూల్లో చదువు చెప్పి రిటైరయ్యారు. ఇద్దరిదీ ఒకే గది. మామ్మగారిని ఆవిడ వదినగారూ అని పిలిచేవారు. టీచరుగారు హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేవారు. ఆవిడ నా ఆదర్శ విద్యార్థిని. నా ఫోటోలన్నిట్లో మధ్యలో ఆవిడే ఉంటారు.

వెనక బ్లాకులో ఒక మంచం ఖాళీ అయింది. శనివారం మీటింగులో మేడమ్ నా వైపు చూశారు. నేను గూడెం మామ్మగారి పేరు చెప్పాను. చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. రోజంతా మత్తుగా ఉంటున్నారండీ, చుట్టూ ఏం జరుగుతోందో తెలియట్లేదండీ అని కూడా చేర్చాను. మేడమ్ అక్కడి నుంచే గూడెం ఫోన్ చేశారు. మరిదిగారి అబ్బాయి మీరెలా అంటే అలాగేనండి అన్నాడు. మంగళవారం మార్చడానికి ఖాయమైంది.

ఆదివారాలు చుట్టాలు వచ్చే రోజులు కాబట్టి నాకు సెలవు ఉండదు. ఆ ఆదివారం భోజనాలయ్యాక హాల్లో బెలూన్లు ఊదుతుంటే టీచరుగారు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. నేనున్న చోటు దాటి రెండడుగులు ముందుకి వెళ్ళి, స్టాండుకి ఉన్న మైకుతో మాట్లాడడం మొదలుపెట్టారు.

"ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలండి."

ఇటున్నానండీ అన్నాను. ఆవిడ తిరిగి, తప్పు చేసిన పిల్లలా చీర కొంగు సర్దుకున్నారు.

"నాకు కళ్ళు ఆనడం లేదండి. మీ బెలూను ఎటు పోతోందో కూడా తెలీదు. చప్పట్లు కొడుతుంటే చూస్తున్నాననుకుంటారని కొడుతున్నాను."

మీరు చాలా బాగా పాల్గొంటున్నారు కదండీ అన్నాను.

"రాత్రంతా నిద్రపోతే ఎవరైనా పాల్గొంటారండి. నాకు రాత్రిళ్ళు బాత్రూమ్‌కి లేవాలి. ఒకసారి కాదు. లేచినప్పుడల్లా వదినగారే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తీసుకొస్తారు. నేను కదిలితే లేవాలని ఆవిడ రాత్రి పడుకోవడం మానేశారు. ఆవిడకి నిద్ర దొరికేది మీ పదింటికేనండి."

మరి ఈ సంగతి మేడమ్‌గారికి చెబుదామండీ అని నేను లేచాను.

"చెబితే వెనక్కి పంపేది నన్ను. ఆ మాట బయట పెట్టనని వదినగారు నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడు మీ దగ్గర ఒట్టు తప్పాను. మంగళవారం ఆవిణ్ణి మారుస్తున్నారని ఆయాలు అనుకుంటుంటే విన్నాను. ఆవిడ బదులు నన్ను మార్చండి, ఆవిణ్ణి ఉండనివ్వండి. ఆవిడ లేకపోతే నేను ఎలాగూ ఆ గదిలో ఒక్క రాత్రి నడవలేను."

ఉన్నది ఒక్క మంచం. ఒకరిని కాపాడాలంటే రెండోవారి గుట్టు చెప్పాలి. ఇద్దరినీ విడదీయకుండా ఉంచాలంటే ఒకటే దారి ఉంది. మేడమ్ దగ్గరికి వెళ్ళి, నేను చెప్పిన పద్ధతి తప్పండి, చప్పట్లకీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం లేదండి, అది నా గొప్ప కోసం అన్న మాటండి అని ఒప్పుకోవడం. దీనికి మైకు కూడా అక్కర్లేదు.

సోమవారం పొద్దున్నే మేడమ్ గదికి వెళ్ళాను. వెళ్ళేటప్పటికి మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ కూర్చోమని, టీ తెప్పించి, నా పద్ధతి గురించి యజమానిగారికి చెప్పాననీ, ఆయన చాలా మెచ్చుకుని కుటుంబాలకిచ్చే కరపత్రంలో కూడా వేయిస్తున్నారనీ చెప్పారు. అందులో నా ఫోటో కూడా ఉంటుందట. టీ తాగాను. సిద్ధం చేసుకున్న మాటలు టీతోపాటు కడుపులోకి పోయాయి. ఏ ఫోటో వేస్తున్నారండీ అని అడిగాను కూడా. ఇది దాచడం కుదరదు.

లేచి తలుపు దాకా వచ్చి ఆగాను. వెనక్కి తిరిగి, గూడెం మామ్మగారి విషయంలో ఒక్క వారం ఆగండి మేడమ్, కొత్త యాక్టివిటీ ఒకటి మొదలుపెడుతున్నాను, దానికి ఆవిడ బాగా రెస్పాండ్ అవుతారని నా నమ్మకం అన్నాను. అలాంటి యాక్టివిటీ ఏదీ లేదు.

"ఏం యాక్టివిటీ అండీ?"

"మౌనమండి."

మేడమ్ కాసేపు ఆలోచించి, "సామాన్లు ఏమైనా కొనాలా?" అని అడిగారు. అక్కర్లేదండీ అన్నాను. అయితే చెయ్యండి, గురువారం నేను వచ్చి చూస్తాను అన్నారు.

ఆ రోజే పదింటికి హాల్లో కిటికీ తెరలు దింపించాను. ఫ్యాన్లు తగ్గించాను. గుండ్రంగా ఉన్న కుర్చీలు తీయించి, చేతులున్న పెద్ద కుర్చీలు గోడల పక్కన వేయించాను. మైకు తీగ పీకి చుట్ట చుట్టి బీరువాలో పెట్టాను. అందరూ అనుమానంగా కూర్చున్నారు. చప్పట్లకి సిద్ధంగా చేతులు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇవాళ మౌన ధ్యానమండి, కళ్ళు మూసుకుని ఊరికే కూర్చోవడమే, ఇంకేం చెయ్యక్కర్లేదు అన్నాను.

"ఎంతసేపండీ?" అన్నారు రైల్వే పెద్దాయన.

"మీకు లేవాలనిపించేదాకా అండి."

ఆయన నా మొహంలోకి పరీక్షగా చూసి, పళ్ళ సెట్టాయన భుజం తట్టి, "నిజమే అంటున్నారండి" అని చెప్పి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికే హాలంతా సద్దుమణిగింది. ఒకరి తరవాత ఒకరు నిద్రలోకి జారారు. గూడెం మామ్మగారు అయితే గోడకి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, హాయిగా గురక పెట్టారు. టీచరుగారు పక్కన నిటారుగా కూర్చుని, ఆ గురక వింటూ, కాపలా కాస్తున్నట్టు ఉన్నారు. నాకు మాత్రం నరకంగా ఉంది. ఏమైనా మాట్లాడాలని నాలిక దురద పెడుతోంది. మౌనం గురించి నాలుగు ముక్కలు చెబుదామా అని రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

గురువారం మేడమ్ వచ్చారు. ఒక కుర్చీలో కూర్చుని మామ్మగారి వైపే చూశారు. మామ్మగారు ఎప్పటిలాగే కదలకుండా, మొహం మీద ఒక్క గీత లేకుండా నిద్రపోతున్నారు. ఎంత బాగా లీనమైపోయారండీ అని మేడమ్ నా చెవిలో అన్నారు. నేను తలూపాను. ఇంకాసేపటికి మేడమ్ తల కూడా వాలింది. తెల్లవారకముందే లేచే మనిషి కదా. ఆవిణ్ణి ఎవరూ లేపలేదు. లేచాక చీర సర్దుకుని, చాలా ప్రశాంతంగా ఉందండీ, గూడెం మామ్మగారి రెస్పాన్స్ కూడా బాగుంది, ఇప్పుడే మార్చక్కర్లేదు అన్నారు.

ఆ మౌనం ఫోటోలకి వచ్చినన్ని దణ్ణాలు మరే ఫోటోలకీ రాలేదు. మా అమ్మని ఇంత ప్రశాంతంగా ఎన్నడూ చూడలేదని ఒకాయన రాశాడు. నిద్రపోయే తల్లిని అంతకుముందు ఆయన చూసి ఉండడు మరి. రైల్వే పెద్దాయన నన్ను వరండాలో ఆపి, "ఇన్నాళ్ళకి మంచి ప్రోగ్రాం పెట్టారండి" అన్నారు. ఈసారి అందులో మర్యాద లేదు. నాకు వచ్చిన మొదటి నిజమైన మెప్పు, నేను ఏమీ చెయ్యనందుకు వచ్చింది.

అయినా మనసు కుదుటపడలేదు. నేను చేసిందల్లా ఒక ముసలావిడ రాత్రంతా పనిచెయ్యడానికి పగలు నిద్ర ఏర్పాటు చెయ్యడం. ఆ పని చెయ్యాల్సింది జీతం తీసుకునే మనిషి. వారం తిరిగాక మేడమ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి టీ వద్దన్నాను. ముందు భవనంలో కూడా రాత్రిపూట ఒక ఆయా ఉంటే బాగుంటుందండీ, ఎవరైనా పడితే ఇబ్బంది కదా అన్నాను, ఎవరి పేరూ చెప్పకుండా. చప్పట్ల పద్ధతి కూడా సరైనది కాదండీ, నేను తొందరపడి చెప్పాను అన్నాను. గొంతు నాదే, కానీ ఫంక్షన్ హాల్లో మాట్లాడేది కాదు. మేడమ్ విన్నారు. చూద్దామండీ అన్నారు. మా వైపు ఆ మాట అన్న తరవాత ఎవరూ ఏమీ చూడరు. ఆ పద్ధతిని ఆవిడ రద్దు చెయ్యలేదు. వెనక బ్లాకులో ఖాళీ అయిన ఆ మంచాన్ని వేరేవాళ్ళ కుటుంబం వచ్చి అడిగి తీసుకుంది కాబట్టి, మళ్ళీ ఖాళీ అయ్యేదాకా దాని ఊసు లేదు, అంతే.

అసలు ఒప్పుకోవలసిన మనిషి మిగిలింది. ఒక సాయంత్రం మామ్మగారు వరండాలో ఒక్కరే కూర్చుని గూడెం వెళ్ళే బస్సులు చూస్తున్నారు. పక్కన నిలబడి, మామ్మగారూ, మిమ్మల్ని వెనక బ్లాకుకి మార్చమని మీటింగులో చెప్పింది నేనేనండి అన్నాను. అసలు చప్పట్లు కొట్టనివాళ్ళని మార్చాలన్న ఆలోచనే నాదండి అని కూడా చెప్పాను. ఎవరికీ తెలియని పాపం బయటపెడుతున్నాననే అనుకున్నాను.

"తెలుసండి" అన్నారు మామ్మగారు, బస్సు మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఎలా తెలుసండీ?"

"ఆ మధ్య ఒక శనివారం సాయంత్రం మీరే హాల్లో మైకు పట్టుకుని చెప్పారు కదండీ. ఇక మీదట అందరూ ఉషారుగా ఉండాలి, లేకపోతే వెనక బ్లాకు ఉంది జాగ్రత్త అని. నవ్వుతూనే చెప్పారులెండి. ఇక్కడ నవ్వుతూ చెప్పినవన్నీ అవుతూనే ఉంటాయి."

చెప్పాను. ఆవిడ అన్నాక గుర్తొచ్చింది. తమాషాకి అనుకున్నాను, నవ్వారు కూడా. మర్నాటి నుంచి చప్పట్లు ఎందుకు మోగిపోయాయో అప్పటికి తెలిసింది.

మరి తెలిసి కూడా మీరెందుకు కొట్టలేదండీ, రెండుసార్లు కొడితే నేను మీ జోలికి వచ్చేవాణ్ణి కాదు కదా అన్నాను.

"కొడదామనే కూర్చునేదాన్నండి. నిద్ర ఆగేది కాదు."

క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆవిడ ఎంత మర్యాదగా, అయ్యో అంతమాటెందుకండీ అంటారో నాకు తెలుసు. అది విని నేను తేలిగ్గా ఇంటికి వెళ్ళి పడుకుంటాను. ఆవిడ రాత్రి మాత్రం మారదు. అందుకని, నేను ఏమైనా చెయ్యగలిగింది ఉంటే చెప్పండి అన్నాను.

మామ్మగారు అప్పుడు నా వైపు తిరిగారు. ఉల్లిపాయల బేరం దగ్గర కూర్చున్నప్పుడు ఇలాగే చూసి ఉంటారు.

"ఆ మౌనం పదింటిదాకా ఆపుతున్నారెందుకండీ? టిఫినవ్వగానే మొదలెట్టించండి. ఫోటోలు కావాలంటే మేం పడుకున్నాక నిదానంగా తీసుకోండి."

మర్నాటి నుంచి టిఫినవ్వగానే తెరలు దింపిస్తున్నాను. మామ్మగారు, టీచరుగారు ఇప్పటికీ ఆ గదిలోనే ఉన్నారు. నేను కళ్ళు మూసుకోండి అని చెప్పే లోపలే మామ్మగారు నిద్రలో ఉంటారు.